పాస్తా మిషన్ కొన్న బిడ్డకు

హనుమకొండ

బిడ్డా,

పిండి పొడిపొడిగానే తిరుగుతోంది, ముద్ద కావట్లేదు, మిషన్ ఖరాబైనట్టుంది అన్నావు ఫోన్లో. ఖరాబు కాలేదు. అది అట్లనే ఉండాలి. నువ్వు టెన్షన్ పడి ఇంకో అర గ్లాసు నీళ్లు పోసి ఉంటావు, అందుకే పిండి స్క్రూకు చుట్టుకొని ముందుకు రావడం మానేసింది.

చపాతీ పిండి కలిపి అలవాటైన చేతులు మనవి. మెత్తగా సాగితే తప్ప పిండి కలిసినట్టు అనిపించదు. నీ మిషన్ మురుకుల గొట్టం జాతిది. లోపలి స్క్రూ పిండిని నెడుతుంది, ముందున్న డిస్కు రంధ్రాల్లోంచి పాస్తా బయటికొస్తుంది. ఆ ఒత్తిడికే పొడి అంతా అతుక్కుని గట్టిపడుతుంది. ముందే మెత్తగా కలిపిస్తే దానికి నెట్టడానికి ఏమీ దొరకదు.

కొలత చెప్తా. ఇలాంటి మిషన్లకు సాధారణంగా 250 గ్రాముల పిండికి 90 నుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి. గుడ్డు వేస్తే దాన్ని గిలక్కొట్టి కొలత గ్లాసులో పోసి, మిగతాది నీళ్లతో నింపు. గుడ్డూ నీళ్లూ కలిపి అదే కొలత, పైన అదనంగా కాదు. నీ మిషన్ పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పట్టుకో. చెంచాలతో, గ్లాసులతో అందాజాగా పోసే పని ఇక్కడ సాగదు. వంటింటి తూకం మిషన్ ఒకటి కొనుక్కో, దేనికైనా పనికొస్తుంది.

మిషన్ ఆన్ చేసి, తిరుగుతుండగా నీళ్లు సన్నగా పొయ్యి. మూడు నిమిషాలు తిరిగాక ఆపి, మూత తీసి చూడు. పెసరగింజ నుంచి సెనగగింజంత ఉండలు కనిపించాలి. పిడికెడు తీసి గట్టిగా నొక్కు. ముద్దగా నిలబడాలి, బొటనవేలితో నొక్కితే మళ్లీ పొడిగా విరగాలి. చేతికి అంటుకుంటే ఒక చెంచా పిండి, ముద్ద నిలబడకపోతే ఒక చిన్న చెంచా నీళ్లు. అంతకంటే ఎక్కువ ఒకేసారి వెయ్యకు. రవ్వతో చేస్తుంటే మిషన్ ఆపి పది నిమిషాలు అట్లనే వదిలెయ్యి. రవ్వ నీళ్లు పీల్చుకోవడానికి టైం పడుతుంది. ఈలోపు డిస్కును వేడినీళ్లలో ఉంచి, తుడిచి బిగించు. చల్లటి డిస్కులోంచి మొదటి వరుస చీలికలు చీలికలుగా వస్తుంది. ఆ మొదటి జానెడు ముక్కను తుంచి మళ్లీ లోపల వేసెయ్యొచ్చు, మిషన్ ఆపాకే. తిరుగుతున్న దాంట్లో చెయ్యి గానీ గరిటె గానీ పెట్టకు.

ఏ పిండి అని అడిగావు. ఇటలీలో ఎండు పాస్తాను డ్యూరం గోధుమ రవ్వతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేశారు. అది గట్టి గోధుమ, ఉడికినా మెత్తబడి జావ కాదు. మన దగ్గర దానికి దగ్గరిది బన్సీ రవ్వ. కిరాణా షాపులో పేరు చెప్పి అడుగు. ఉప్మా రవ్వ అంటే మామూలు గోధుమది ఇచ్చేస్తారు. బన్సీ రవ్వ దొడ్డుగా ఉంటే మిక్సీలో ఒక తిప్పు తిప్పి జల్లించు. అది దొరకని రోజు సగం మైదా, సగం సన్న రవ్వ. గిర్నిలో పట్టించిన గోధుమ పిండితో చెయ్యాలని మీ అమ్మ పట్టుబడుతుంది, నాకు తెలుసు. చెయ్యొచ్చు, కానీ దాంట్లో పొట్టు ఉంటుంది, నీళ్లు కాస్త ఎక్కువ తాగుతుంది, పాస్తా తొందరగా తెగుతుంది. మొదట్లో మూడో వంతు మాత్రమే కలుపు. మైదా ఆరోగ్యానికి మంచిది కాదని ఆమె చదివే క్లాసు మాత్రం నువ్వే వినాలి, నేను వినను.

మన ఊళ్ల వాతావరణం పుస్తకంలో ఉండదు. ముసురు పట్టిన రోజుల్లో పిండి గాలిలో తేమ పీల్చి ఉంటుంది, నీళ్లు ఒక చిన్న చెంచా తగ్గించు. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక పాస్తా ఎంత. ఫ్యాను ఆపి, కోసిన పాస్తా మీద తడిపి పిండిన గుడ్డ కప్పు. అంటుకోకుండా చల్లడానికి మైదా వాడకు, గిన్నెలో జిగురవుతుంది. రవ్వ చల్లు.

ఉడికించడం రెండు మాటల్లో అయిపోతుంది. వంద గ్రాములకు లీటరు నీళ్లు, లీటరుకు పది గ్రాముల దాకా ఉప్పు, బాగా మరిగాకే వెయ్యాలి. తాజాది కాబట్టి రెండు నుంచి నాలుగు నిమిషాలే, రెండో నిమిషం నుంచి ఒకటి తీసి కొరికి చూస్తుండు. నీళ్లలో నూనె పొయ్యకు, సాస్ పట్టదు. వార్చేముందు గరిటెడు గంజి పక్కన పెట్టు, సాస్‌లో పోస్తే చిక్కగా పట్టుకుంటుంది. సాస్‌కు టమాట, ఎల్లిగడ్డ, నానబెట్టి నూరిన చపాటా మిర్చి చాలు. మన వరంగల్ చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ, పిల్లలు కూడా తింటారు. ఆ డబ్బా సాసుల కంటే నాకు ఇదే నచ్చుతుంది.

కడగడం దగ్గరే చాలామంది విసిగిపోయి మిషన్ అటకెక్కిస్తారు. తడి పిండి మీద నీళ్లు పోస్తే అది బంకై ప్రతి సందులో ఇరుక్కుంటుంది. పని అయ్యాక విప్పి, భాగాలను కొన్ని గంటలు ఆరనివ్వు. ఎండిన పిండి తడితే పెళుసుగా రాలిపోతుంది. డిస్కును కాసేపు ఫ్రీజర్లో పెడితే రంధ్రాల్లోది ఇంకా తేలిగ్గా వస్తుంది, మిగిలింది టూత్‌పిక్‌తో పొడువు. కత్తి, సూది వద్దు, గీతలు పడితే పాస్తా మీద ఆ గీతలే అచ్చు పడతాయి. స్క్రూ వెనకాల బిళ్లలో కూడా పిండి దాక్కుంటుంది, అక్కడ చూడకుండా బిగించావంటే తెల్లారేసరికి చీమలు బారు కడతాయి.

ఇక తమ్ముడు డల్లాస్ నుంచి తెస్తానన్న మిషన్ సంగతి. అది రోలర్లది, రెండు రోలర్ల మధ్య పిండిని నొక్కి పల్చటి షీటు చేసేది, దాని పద్ధతే వేరు. దానికి చపాతీ పిండిలాంటి ముద్దే కావాలి, కాస్త గట్టిగా. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు, కలిపి అరగంట మూతపెట్టి ఉంచాలి. వెడల్పు సందు దగ్గర మూడు నాలుగు సార్లు మడిచి మడిచి పోనిచ్చి, తర్వాత రోలర్ల సందును ఒక్కో నంబరు సన్నం చెయ్యాలి. మోటారు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, షీటు పట్టుకోవచ్చు, అదే దాని లాభం. చున్నీ, కొంగు, గాజులు మాత్రం రోలర్లకు దూరం. దాన్ని ఎప్పుడూ నీళ్లతో కడగకూడదు, తుప్పు పడుతుంది. బ్రష్షుతో దులిపి పొడిగుడ్డతో తుడవడమే.

కానీ తెమ్మనే ముందు ఒకటి చూడాలి. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడుగున ఉన్న పేరు పలక మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. 120 అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టగానే మోటారు కాలిపోతుంది. వోల్టులు తగ్గించే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, మిషన్ వాట్ల కంటే ఎక్కువదే తీసుకోవాలి. అయినా హెర్ట్జ్, అంటే సెకనుకు కరెంటు ఊగే లెక్క, మారదు కాబట్టి కొన్ని మోటార్లు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతాయి. అంత బరువు మోసుకొచ్చి ఈ తిప్పలు ఎందుకని నా అభిప్రాయం. చేత్తో తిప్పే రోలరు అయితే ఏ కరెంటు గొడవా లేదు. వాడింకా కొనకపోతే అదే తెమ్మను. కొనేసి ఉంటే ఆ పలక ఫొటో తీసి నాకు పంపమను.

మీ పెద్దమ్మ