ఊరు పెట్టిన పేర్లు, ఇంట్లో పిలిచిన పేర్లు

ప్రశ్న: మాది కదిరి ప్రాంతంలోని ఒక మండల కేంద్రం. మేము బెంగళూరుకు వచ్చి చాలా కాలమైంది. నాన్నగారు పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టెలో మా అమ్మానాన్నల పెళ్లినాటి చదివింపుల పుస్తకం దొరికింది. అందులో బెల్లం నరసింహులు, మిలిటరీ నరసింహులు, బావికాడి నరసింహులు అంటూ ఒకే పేరు పేజీ పేజీకీ కనిపిస్తున్నది. పిల్లల కోసం మా కుటుంబ చరిత్ర రాయాలనుకుంటున్నాను. వీరిలో మా బంధువులెవరో, వారి అసలు పేర్లేమిటో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: వారి అసలు పేరు నరసింహులే అయి ఉంటుంది. మీరు వెదకవలసినవి వారి ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు. కదిరి లక్ష్మీనరసింహస్వామిని కొలిచే పల్లెలలో ఇంటికొక నరసింహులో, నరసమ్మో ఉండడం సహజం. అహోబిలం స్వామిని నమ్మినచోట ఓబులేసులు, ఓబులమ్మలు, కర్నూలు వైపు మద్దిలేట్లు, నెల్లూరు జిల్లాలో పెంచలకోన స్వామి పేరున పెంచలయ్యలు ఇలాగే కనిపిస్తారు. దర్గాకు మొక్కుకున్న తరువాత పుట్టిన బిడ్డకు దస్తగిరి అనో, హుసేనప్ప అనో పేరు పెట్టుకున్న హిందూ కుటుంబాలు కూడా రాయలసీమలో తక్కువేమీ కావు. దీనికి తోడు మనుమడికి తాత పేరు పెట్టే ఆచారం ఒకటున్నది. తాతకు నలుగురు కొడుకులుంటే నాలుగిళ్లలోనూ అదే పేరు మోగుతుంది. ఇంతమందిని విడదీసి చెప్పుకోవడానికి బెల్లం వ్యాపారమో, సైన్యంలో చేసిన కొలువో, ఇంటి పక్కనున్న బావో ఆధారమైంది. పెద్ద, నడిపి, చిన్న అన్నవీ, నల్ల, ఎర్ర, పొట్టి అన్నవీ చాలనప్పుడు ఊరు ఇంకాస్త ముందుకు వెళ్లి ఆలోచించేది. ఒక్కొక్కసారి ఆ ఆలోచనలో కొంటెతనం పాలు ఎక్కువగానే ఉండేది.

అటువంటి పేరు ఒక మనిషితో పోకుండా ఇంటికి అంటుకొని తరాలు నడుస్తుంది. వంశపారంపర్యపు కరణం, మునసబు పదవులను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1984లో రద్దు చేసినా, ఎన్నో ఊళ్లలో ఆ ఇళ్లు ఇప్పటికీ కరణంగారి ఇల్లు, మునసబుగారి ఇల్లే. అందువల్ల మీ పుస్తకంలోని బెల్లం నరసింహులు స్వయంగా బెల్లం అమ్మినవాడే అని తొందరపడి రాయకండి. అమ్మినది ఆయన తాత కావచ్చు.

ఇక మీ చేతిలోని పుస్తకం సంగతి. పెళ్లిపందిట్లో బల్ల వేసుకొని కూర్చున్న మనిషి, చదివింపు ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం గట్టిగా చదివి రాసుకునేవాడు. రేపు ఆ ఇంట పెళ్లి జరిగినప్పుడు ఈ పుస్తకం తీసి చూసుకొని, అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. అది ఒక రకంగా ఊరి బాకీల పద్దు కనుక మనిషిని పొరపడడానికి వీలులేదు. ఊరంతటికీ తెలిసిన పేరే అక్కడ నమ్మకమైన ఆనవాలు కాబట్టి, రాసేవారు మారుపేరుతోనే రాసేవారు. ఆ వరుసలను మరొకసారి నిదానంగా చూడండి. రూపాయల అంకె మాత్రమే ఉన్నవారిలో ఎక్కువమంది ఊరివారూ, నాన్నగారి పరిచయస్థులూ అయి ఉంటారు. బట్టలు, బిందె, వెండి కుంకుమభరిణె వంటివి పెట్టినవారిలో దగ్గరి చుట్టాలు ఉండే అవకాశం ఎక్కువ. పేరు పక్కన వేరే ఊరి పేరు ఉంటే, ఆ ఊరితో మీ ఇంటికి ఇచ్చిపుచ్చుకోవడాలు ఏమైనా ఉన్నాయేమో విచారించండి.

విచారించేటప్పుడు ఆడవారిని ముందు అడగమని నా సలహా. మగవారు పొలం తగాదాలు, ఎన్నికలు చెబుతారు. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి కోడలిగా వెళ్లిందో, ఎవరికి ఎవరు ఏ వరుస అవుతారో మాత్రం ఊళ్లోని అవ్వలకే తెలుసు. ‘ఆయన పేరేమిటి’ అని అడిగితే జవాబు రాకపోవచ్చు. ‘ఆయన ఎవరి కొడుకు, ఎవరింటి అల్లుడు, మీరు ఆయనను ఏమని పిలిచేవారు’ అని అడిగితే, ఒక్క జవాబుతో రెండు మూడు ఇళ్ల సంగతి బయటికి వస్తుంది. వారు మాట్లాడుతున్నప్పుడు వారి అనుమతితో ఫోనులో రికార్డు చేసుకోండి. పేరును వారు పలికే తీరు కాగితం మీద సగమే నిలుస్తుంది.

ఆ తరువాత కాగితాల పని. ఓటర్ల జాబితాలో ఇంటి నంబరు, వయసు, తండ్రి పేరో భర్త పేరో ఉంటాయి. భూమి ఉన్న కుటుంబమైతే, భూమి ఎవరిదో, సాగు ఎవరిదో చెప్పే అడంగల్, 1-బి పత్రాలు చూడవచ్చు. వీటికన్నా రుచికరమైనవి పాత విక్రయ దస్తావేజులు. వాటిలో చెక్కుబందీ చెప్పేచోట, తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన ఫలానావారి కల్లం అని నాలుగు హద్దులు రాస్తారు. అక్కడ ఇరుగుపొరుగు రైతులు తమ మారుపేర్లతో సహా దొరకడం కద్దు. మీ ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారం ఉంటే, ఆ మంత్రంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గోత్రంతో కలిపి చెబుతారు. నాన్నగారికి ఆ కార్యం చేయించిన పురోహితుని అడిగితే మూడు తరాల పేర్లు ఒక్క పూటలో చేతికి వస్తాయి.

ప్రశ్న: మా జేజినాయన పొలంలో పడి కాలు పోగొట్టుకున్నారు. అప్పటి నుండి ఊళ్లో ఆయన పేరుకు ముందు ‘కుంటి’ చేర్చి చెప్పుకునేవారు. మేము వేస్తున్న చిన్న కుటుంబ పుస్తకంలో ఆ పేరు ఉండాలని మా చిన్నాన్న, ఉండరాదని మా అత్త పట్టుబడుతున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, బసవనగుడి, బెంగళూరు

జవాబు: నేను మీ అత్తగారి పక్షం. మన ఊళ్లలో ఎదుట పడినప్పుడు అన్నా, మామా, పెదనాయనా అని వరుస పెట్టి పిలుస్తారే కాని, అటువంటి మారుపేరుతో పిలవరు. అది ఆయన లేనిచోట, ఆయనను గుర్తుపట్టడానికి వాడిన మాట. ఆయన ఆ పేరుకు ఎన్నడైనా పలికి ఉంటే, నవ్వుతూ తానే చెప్పుకొని ఉంటే అది వేరు సంగతి. చిన్నాన్నగారిని ఆ ఒక్క ప్రశ్నే అడిగి చూడండి. పొలంలో జరిగిన ప్రమాదం గురించి, దాని తరువాత ఆయన సంసారం ఎలా లాక్కొచ్చారన్నదాని గురించి మాత్రం వివరంగా రాయండి. కులాన్ని తక్కువ చేస్తూ పుట్టిన పేర్ల విషయంలో ఇంత విచారణ కూడా అక్కరలేదు, వాటిని వదిలివేయండి.

అయితే వినడానికి మోటుగా ఉన్న ప్రతి పేరునూ అవమానంగా లెక్కవేయకూడదు. మీ వంశవృక్షంలో పెంటయ్య, పుల్లయ్య, తిప్పమ్మ, తవిటయ్య వంటి పేర్లు కనిపిస్తే వాటిని దిద్దకండి. వరుసగా బిడ్డలు పుట్టి పోతున్న ఇంట్లో, ఈ బిడ్డయినా దక్కాలని పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తరిలోనో కాసేపు పడుకోబెట్టి ఎత్తుకునేవారు. పొరుగింటివారికి ఇచ్చివేసి, గుప్పెడు తవుడు పెట్టి తిరిగి కొనుక్కోవడమూ ఉండేది. దిక్కులేని వస్తువని మృత్యువు పట్టించుకోకుండా పోతుందని ఆ తల్లుల నమ్మకం. కన్నడిగులలో తిప్పయ్యలు, తమిళులలో కుప్పుస్వాములు ఉన్నదీ ఇందుకే. అటువంటి పేరు ఎక్కడైనా కనిపిస్తే, దాని వెనుక బతకని అన్నలు, అక్కలు ఎందరున్నారో అడిగి తెలుసుకొని, పేర్లు పెట్టేలోపే పోయినవారిని సైతం వంశవృక్షంలో ఒక గీతగా చూపండి.

ప్రశ్న: మా పాపకు అత్తగారి పేరు పెట్టాము. ఆమె మా దగ్గరే ఉంటారు. పాప అల్లరి చేసినప్పుడు ఆ పేరు పెట్టి కోప్పడడానికి నాకు నోరు రావడం లేదు. ఇంట్లో పిలిచే ముద్దుపేరే బడిలో రాయించవచ్చునా?
– ఒక తల్లి, యలహంక, బెంగళూరు

జవాబు: మీ ఇబ్బంది కొత్తది కాదు. అత్తమామల పేర్లు, భర్త పేరు నోట పలకని కోడళ్లున్న ఇళ్లలో అమ్మణ్ణి, పాప, అబ్బోడు, నాయన వంటి పిలుపులు ఎక్కువగా పుట్టినది ఇందుకే. మామగారి పేరున్న కొడుకును ‘ఒరే’ అనడం ఎలాగన్న చిక్కును ఆ కోడళ్లు అలా దాటారు. మీరు కూడా ఇంట్లో అమ్మణ్ణి అనే పిలుచుకోండి, కోపం వచ్చినా అదే పేరుతో కేకవేయండి. బడిలో మాత్రం జనన ధ్రువపత్రంలో ఉన్న పేరునే అక్షరం మారకుండా రాయించండి. పత్రంలో ఒకటి, బడిలో మరొకటి ఉంటే, రేపు పాస్‌పోర్టు వేళ ఆ రెండు పేర్లూ ఒక మనిషివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించుకొని తిరగవలసి వస్తుంది. బడి దరఖాస్తులో ఇంటిపేరు ఎక్కడ రాయాలన్న సందేహం బెంగళూరులోని తెలుగువారికి తరచూ వస్తుంటుంది. దానికీ ఇదే కొలత: జనన పత్రంలో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పూర్తిగానూ, పొడి అక్షరంగా ఉంటే పొడి అక్షరంగానూ రాయండి.