ఆలోచనలను గమనిస్తే ఒత్తిడి నిజంగా తగ్గుతుందా?

"ఒత్తిడిగా ఉన్నప్పుడు మన ఆలోచనలను మనమే గమనించాలి అంటారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లకు అది కుదిరే పనేనా?" అని ఒకరు అడిగారు. కుదురుతుంది. నాకు మెట్రోలో నిలబడి ఉండగా, ఒక పాత చలానా కాగితం వెనకవైపు రాస్తుంటే కుదిరింది.

నేను ఖైరతాబాద్‌లో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో అకౌంటెంట్‌ని. ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. మాకు నెలలో రెండు తేదీలు ముఖ్యం. 11న క్లయింట్ల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1, 20న పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్ 3బీ. పెళ్లిళ్లయినా, పిల్లాడి పరీక్షలయినా ఆ రెండింటి మధ్యే సర్దుకోవాలి. గత సంవత్సరం ఒక నెల 21న రాత్రి, 20వ తేదీ గండం గడిచిందనుకుని వంటింట్లో గిన్నెలు సర్దుకుంటుంటే మా సార్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "రేపు రాగానే నన్ను కలవండి." అంతే. ఏ విషయమో లేదు.

పైస్థానంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. రాత్రి తొమ్మిదింటికి ఇలాంటి మెసేజ్ పెట్టకండి. పెట్టాల్సి వస్తే విషయం కూడా రాయండి. మీకు రెండు నిమిషాల పని, అవతలివాళ్లకు రాత్రంతా నిద్ర ఉండదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. గుండె దడ, అరచేతుల్లో చెమట. ఉద్యోగం పోయినట్టు, ఇంటి ఈఎంఐ ఆగిపోయినట్టు, పిల్లాణ్ని వేరే స్కూల్లో వేసినట్టు, మా అత్తయ్య బంధువులకు ఫోన్ చేసి చెప్తున్నట్టు వరుసగా కళ్లముందు నడిచిపోయాయి. మా ఆయన "ఏమీ ఉండదులే, పాజిటివ్‌గా ఆలోచించు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట నాకు ఏనాడూ పనికిరాలేదు. ఎవరికీ పనికిరాదనే నా నమ్మకం. భయం ఒకవైపు లాగుతుంటే దాని మీద మంచి మాట కప్పమంటే, ఇప్పుడు మోయాల్సినవి రెండు అవుతాయి. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే సూర్యోదయం బొమ్మల మీద సూక్తులు కూడా అంతే.

అంతకు ముందు నెలలోనే గుండె దడ అని మలక్‌పేటలో ఒక డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఈసీజీ మామూలుగానే ఉందన్నారు. మందు రాస్తారనుకుంటే ఒక ప్రశ్న వేశారు. "దడ మొదలైనప్పుడు మీ మనసులో ఏ మాట నడుస్తోందమ్మా?" నాకు జవాబు తెలియలేదు. ఎప్పుడూ చూసుకోలేదు మరి. మనం పిలవకుండానే వచ్చిపోయే ఇలాంటి మాటల్ని ఆరన్ బెక్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1960లలోనే గుర్తించి, వాటిని పట్టుకోవడం మీదే ఒక చికిత్సను నిర్మించారని ఆ డాక్టరే చెప్పారు. "ఈసారి వచ్చినప్పుడు ఆపొద్దు, రాసుకోండి చాలు" అని పంపించారు.

22వ తేదీ పొద్దున మెట్రో ఎక్కగానే మళ్లీ దడ మొదలైంది. కూర్చోవడానికి చోటు లేదు. ఆ లైనులో ఆఫీసు వేళకు చోటు దొరకడం ఎప్పుడూ కష్టమే. తలుపు పక్కన ఆనుకుని నిలబడి, హ్యాండ్‌బ్యాగులో దొరికిన చలానా వెనక్కి తిప్పి, మనసులో వచ్చిన మాటను వచ్చినట్టు రాశాను. మూసారాంబాగ్, న్యూ మార్కెట్ దాటేసరికి నాలుగు వాక్యాలయ్యాయి. ఉద్యోగం పోతుంది. ఈఎంఐ కట్టలేం. అందరి ముందు తిడతారు. నాకు ఈ పని చేతకాదు.

ఐదోది వస్తుందని చూశాను. రాలేదు! రాత్రంతా వందల ఆలోచనలు వచ్చాయనుకున్నాను, నిజానికి నాలుగే తిరుగుతున్నాయి. ఇక అలవాటైన పని చేశాను. ఏ మాట వస్తే దాని పక్కన ఒక గీత పెట్టుకుంటూ పోయాను. ఎంజీబీఎస్ దగ్గర మూసీ కనిపించింది, గాంధీభవన్ వచ్చింది, నాంపల్లి వచ్చింది. లెక్క చూస్తే "ఉద్యోగం పోతుంది"కి మూడు గీతలే. "నాకు చేతకాదు"కి పదకొండు. నేను దేనికి భయపడుతున్నానని అనుకున్నానో దానికి కాదు నా భయం.

అప్పుడు ఆ నాలుగో వాక్యాన్ని అకౌంటెంట్ కళ్లతో చూశాను. పద్దు రాస్తే దానికి ఆధారంగా ఓచర్ ఉండాలి. దీనికి ఓచర్ ఏది? పదేళ్లుగా చేస్తున్న పని చేతకాదనడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. అలాగని కొట్టేయలేదు కూడా. ఆధారం దొరకని పద్దును మేం కొట్టేయం, దొరికేదాకా సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. దాన్ని అక్కడ వేశాను. లక్డీకాపూల్ వచ్చేసరికి భుజాలు కిందికి దిగాయి. భయం ఉంది, కానీ కాగితం మీద ఉంది, నేను దాన్ని చదువుతున్నాను.

తప్పు నాదే అని ఆఫీసులో తేలింది. ఒక క్లయింట్ 3బీ ఫైల్ కాలేదు. 20న ఓటీపీ రాకపోతే తర్వాత చేద్దామని పక్కన పెట్టి మర్చిపోయాను. "ఎట్ల మిస్సయిందమ్మా? గిట్లయితే క్లయింట్లు ఉంటరా?" అని సార్ ఇద్దరి ముందు గట్టిగానే అన్నారు. అంటే నా మూడో వాక్యం నిజమైంది. ఇంతకుముందైతే ఆ మాటలు సగం వినిపించేవి కావు, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చేదాన్ని. ఈసారి పూర్తిగా విన్నాను. పన్ను 1,46,000. రెండు రోజుల ఆలస్యం. రోజుకు 50 చొప్పున లేటు ఫీజు 100, ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ 144. మొత్తం 244 రూపాయలు, నేనే కడతాను సార్, గంటలో ఫైల్ చేస్తాను అన్నాను. చేశాను. డబ్బులు మాత్రం ఆయన నా దగ్గర తీసుకోలేదు.

"చేతకాదు"కి ఆధారం వెతుకుతుంటే ఇంకో సంగతి కూడా బయటపడింది. నెలకు 62 మంది క్లయింట్లు నా ఒక్కదాని మీదే ఉన్నారు. అది ఆలోచన కాదు, నిజం. దానికి ఓచర్లు ఉన్నాయి. క్లయింట్ల లిస్టు పట్టుకెళ్లి అడిగితే పదిహేను మందిని వేరేవాళ్లకు ఇచ్చారు. ఉద్యోగులను కూర్చోబెట్టి ధ్యానం క్లాసులు పెట్టించే ఆఫీసులు, వాళ్ల నెత్తిన ఎంత పని ఉందో కూడా ఒకసారి లెక్క చూడాలి. గమనిస్తే భారం ఎక్కడుందో తెలుస్తుంది, దించాల్సింది మాత్రం చేతులతోనే.

మా ఆడపడుచు నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజులు మౌనంగా ఉండి వచ్చింది. ఫోన్ కూడా తీసి పెట్టేస్తారు, ఫీజు లేదు. చాలా మేలు జరిగిందంటుంది. వీలుంటే వెళ్లండి. నాకైతే ఒకేసారి పది రోజుల సెలవు దొరకదు, మెట్రోలో ఇరవై నిమిషాలే దొరుకుతాయి.

రాసినా తగ్గకపోతే, బతకాలనిపించని మాటలు వస్తుంటే, గీతలు పెట్టుకుంటూ కూర్చోకండి. 14416కి ఫోన్ చేయండి, టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ ఊరి పేరునే తిట్టుగా వాడే అలవాటు మన హైదరాబాద్‌లో ఉంది, దానివల్ల వెళ్లాల్సినవాళ్లు వెళ్లకుండా ఆగిపోతున్నారు. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది.

మీరు మొదలుపెడితే ఫోన్‌లో కాకుండా కాగితం మీద రాయండి. ఫోన్ తెరిస్తే ముందు ఆ మెసేజే కనిపిస్తుంది.