ఎలుకల జ్ఞాపకశక్తిని పరీక్షించడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం. ఎలుకల జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తానంటోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఇందులో భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి

జవాబు: నవ్వితే నవ్వారు, అమ్మాయి ఎదుట మాత్రం వద్దనండి. తనకేం గుర్తుందో ఎలుక చెప్పదు, దాని ప్రవర్తన చూసి మనమే తేల్చుకోవాలి. కష్టమంతా అక్కడే.

1980ల తొలినాళ్లలో రిచర్డ్ మోరిస్ రూపొందించిన నీటి పరీక్షనే చూడండి. గుండ్రటి తొట్టిలో అడుగు కనబడని మసక నీళ్లు, నీటిమట్టానికి కాస్త దిగువన దాచిన చిన్న వేదిక. ఎలుక గదిలోని గుర్తులను ఆనవాలుగా పెట్టుకుని ఈదుతూ దాన్ని చేరుకోవడం నేర్చుకుంటుంది. కొన్ని రోజులయ్యాక వేదికను తీసేస్తారు. అయినా తొట్టిలో వేదిక ఉండిన పావు భాగంలోనే ఎక్కువసేపు వెతికితే చోటు గుర్తున్నట్టే. మరి వెతకకపోతే? మరచిపోయిందా, చూపు మందగించిందా, ఈదే సత్తువ లేదా? అందుకే వేదికను పైకి కనబడేలా పెట్టి మళ్లీ పరీక్షిస్తారు, ఈత వేగమూ కొలుస్తారు. పాత వస్తువు పక్కన కొత్తది పెట్టి, ఎలుక దేన్ని ఎక్కువసేపు వాసన చూస్తుందో గమనించే పరీక్ష మరొకటి. అందులో వస్తువులను ప్రతిసారీ ఆల్కహాల్‌తో తుడవకపోతే ముందు ఎలుక వదిలిన వాసనే ఫలితాన్ని చెడగొడుతుంది.

ఇలా తన ఫలితాన్ని తానే శంకించే ఓపిక మీ అమ్మాయికి ఉందా? నేను మార్కులకన్నా ముందు అది చూస్తాను.

దారి తెలిసిందే: ఎమ్మెస్సీ, నెట్ లేదా గేట్ అర్హత పరీక్ష, ఆపైన పీహెచ్‌డీ. జేఆర్‌ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదట్లో నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. స్థిరమైన ఉద్యోగానికి ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, దానికి ఇంట్లో సిద్ధపడాలి. ఐఐఎస్‌సీ, నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్ వంటి పరిశోధన సంస్థలు మీ ఊళ్లోనే ఉండటం కలిసొచ్చే విషయం. పీహెచ్‌డీ వద్దనుకుంటే సింజీన్ వంటి, ఇతర కంపెనీల కోసం పరిశోధన చేసిపెట్టే కాంట్రాక్టు సంస్థలున్నాయి. ఎక్కడికి వెళ్లినా స్టాటిస్టిక్స్ తప్పదు. ఎలుక కదలికలను ఇప్పుడు కెమెరా, కంప్యూటర్ కలిసి నమోదు చేస్తున్నాయి కాబట్టి పైథాన్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టమనండి.

ఒక మాట దాచకూడదు. జంతు నైతిక సంఘం అనుమతితోనే జరిగినా, చాలా ప్రయోగాల చివర ఎలుకను చంపి మెదడును పరిశీలిస్తారు. అది తట్టుకోలేనివారు ఈ రంగంలో ఉండలేరు, అందులో తప్పేమీ లేదు.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వేసవి ఫెలోషిప్‌కు అర్హత చూసుకుని దరఖాస్తు చేయించండి. ల్యాబులో ఉన్నప్పుడు తుమ్ములు, దద్దుర్లు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఎలుకల అలర్జీ ఈ పనిలో మామూలే, వైద్యుడికి చూపించాకే ఎమ్మెస్సీ సబ్జెక్టు ఎంచుకోమనండి.