ఫాల్అవుట్ 4 వీడియో గేమ్‌లో ఏ తుపాకీకి మోడ్‌లు (మార్చి బిగించే భాగాలు) వేయాలి?

బ్రో, కనిపించిన ప్రతి తుపాకీకీ మోడ్‌లు వేసి వాటి తయారీకి కావాల్సిన అడ్హెసివ్ (జిగురు) అంతా అవగొట్టా, అయినా సూపర్ మ్యూటెంట్లు అనే భారీ శత్రువులు చావట్లేదు అన్నావు కదా, ముందు ఒక్క రకానికి ఫిక్స్ అవ్వు. రైఫిల్ దెబ్బ పెంచే రైఫిల్‌మ్యాన్ పెర్క్ (పాయింట్లు పెట్టి తీసుకునే నైపుణ్యం) ఆటోమేటిక్ కాని రైఫిళ్లకే పనిచేస్తుంది, నువ్వు ఆటోమేటిక్ రిసీవర్ (తూటా పేల్చే లోపలి భాగం) బిగించావంటే ఆ పాయింట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. స్కోప్ తర్వాత, మొదట రిసీవర్ మార్చు. మోడ్‌లు తయారు చేయనిచ్చే గన్ నట్ పెర్క్ తక్కువుందా? చచ్చినవాడి దగ్గర అదే రకం తుపాకీ దొరికితే వెపన్స్ వర్క్‌బెంచ్ మీద దానికి స్టాండర్డ్ రిసీవర్ వేసెయ్, దానిలో ఉన్న మంచిది ఊడి నీ చేతికొస్తుంది, అది నీదానికి బిగించడానికి పెర్క్ అడగదు. అడ్హెసివ్ ఇచ్చే డక్ట్ టేప్ కోసం ఊళ్లన్నీ తిరగకు. గేమ్‌లో పండే మొక్కజొన్న, టేటో, మట్‌ఫ్రూట్ మూడేసి, ఒక ప్యూరిఫైడ్ వాటర్ కలిపి వెజిటబుల్ స్టార్చ్ వండితే ఒక్కోదానికి 5 అడ్హెసివ్. క్యాప్స్ (గేమ్‌లో డబ్బు) ఉంటే వాల్ట్ 81 అనే భూగర్భ స్థావరంలో ఓవర్సీర్స్ గార్డియన్ అనే రైఫిల్ కొనెయ్, ఒక్క షాట్‌కి రెండు తూటాలు.