కోటీశ్వరుల సొంత విలాస నౌకలు యుద్ధంలో నిజంగా పనికొచ్చాయా?

మీరు అడిగినవి రెండు. ధనవంతుల సొంత యాట్‌లను నౌకాదళాలు తీసుకుని యుద్ధంలో వాడిన మాట నిజమేనా? నిజమైతే వాటివల్ల ఒరిగిందేమిటి? నాది విశాఖపట్నం. మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌గా చాలాకాలం చేశాను. యుద్ధనౌకల మీద పని చెయ్యలేదు గానీ, అలాంటి యాట్‌లలో ఒకదాన్ని దగ్గరగా చూసే అవకాశం వచ్చింది. యుద్ధంలో అది చేసిన పనికీ, మేం రోజూ ఓడ మీద చేసే ఒక పనికీ సంబంధం ఉంది. అందుకే రాస్తున్నాను.

మొదటిదానికి జవాబు సులువు. నిజమే, చాలాసార్లు జరిగింది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వచ్చినప్పుడు అమెరికా నౌకాదళం బ్యాంకర్ జె.పి. మోర్గాన్ ఆవిరి యాట్ కోర్సెయిర్‌ను కొని, గ్లోస్టర్ అని పేరు మార్చింది. ఆ ఏడాది జులై 3న క్యూబాలోని శాంటియాగో దగ్గర అది రెండు స్పెయిన్ డిస్ట్రాయర్లకు ఎదురెళ్లి పోరాడింది. దాని కెప్టెన్ రిచర్డ్ వెయిన్‌రైట్, హవానా రేవులో పేలిపోయిన మెయిన్ అనే యుద్ధనౌక నుంచి ప్రాణాలతో బయటపడిన అధికారి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1940లో కెనడాకి గస్తీ ఓడలు కావాల్సివచ్చాయి. పక్కనే ఉన్న అమెరికా అప్పటికి తటస్థ దేశం, యుద్ధం కోసం అమ్మడం కుదరదు. దాంతో కెనడాలోని యాట్ యజమానులు తమ సొంతానికన్నట్టు అమెరికాలో యాట్‌లు కొని తెచ్చారు. నౌకాదళం వాటికి తుపాకులు బిగించి జంతువుల పేర్లు పెట్టింది. వాటిలో రకూన్ అనేది 1942 సెప్టెంబరులో సెయింట్ లారెన్స్ ప్రాంతంలో జర్మన్ జలాంతర్గామి టార్పెడోకి బలైంది. అందులో ఉన్నవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.

ఇక ఏం ఒరిగింది అంటే, నేను చూసిన సీ క్లౌడ్ అనే యాట్ గురించి చెప్పాలి.

మాల్టాలో వాలెట్టా రేవులో ఉండగా, అందులో ఆఫీసర్‌గా చేస్తున్న ఒక పరిచయస్తుడు నన్ను లోపలికి తీసుకెళ్లాడు. నాలుగు తెరచాప కొయ్యలు, 110 మీటర్ల దాకా పొడవు. 1931లో జర్మనీలోని కీల్‌లో, క్రుప్ వాళ్ల షిప్‌యార్డులో కట్టారు. కట్టించుకున్నది మార్జొరీ మెరివెదర్ పోస్ట్ (తండ్రి స్థాపించిన ఆహార పదార్థాల కంపెనీకి వారసురాలు), ఆమె భర్త ఇ.ఎఫ్. హటన్. మొదటి పేరు హుస్సార్. 1935లో విడాకుల తర్వాత ఓడ ఆమెకి వచ్చింది, సీ క్లౌడ్ అని పేరు మార్చింది. ఆమె పడుకున్న గదిలో పాలరాతి ఫైర్‌ప్లేస్ ఇప్పటికీ ఉంది. ఇలాంటి ఓడని అట్లాంటిక్ మధ్యలోకి యుద్ధానికి పంపారంటే నమ్మడం కష్టం.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసి అమెరికా యుద్ధంలోకి దిగాక, 1942 జనవరి నుంచి జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరం పక్కనే ఓడల్ని ముంచడం మొదలుపెట్టాయి. కాపలాకి ఓడలు చాలవు. తేలగలిగిన ప్రతిదీ కావాల్సివచ్చింది. సీ క్లౌడ్‌ని ప్రభుత్వం ఏడాదికి ఒక్క డాలర్ అద్దెకి తీసుకుంది. నాలుగు మాస్ట్‌లూ (తెరచాప కొయ్యలు) పీకేశారు, తెల్ల ఓడకి బూడిద రంగు వేశారు, తుపాకులూ డెప్త్ ఛార్జీలూ (జలాంతర్గాముల మీదికి నీళ్లలో వదిలే బాంబులు) ఎక్కించారు. 1942 ఏప్రిల్‌లో అది కోస్ట్ గార్డ్ (తీర రక్షక దళం) ఓడ అయింది. 1943 ఏప్రిల్‌లో నౌకాదళం ఐఎక్స్-99 అన్న నంబరుతో తీసుకుంది, సిబ్బంది మాత్రం కోస్ట్ గార్డ్ వాళ్లే.

ఓడ మీద పని చేసినవాళ్లకి ఇక్కడొక విషయం వెంటనే తడుతుంది. అంత ఎత్తున్న మాస్ట్‌ల బరువు తీసేస్తే ఓడ గరిమనాభి కిందికి దిగుతుంది. వినడానికి మంచిదే, బోల్తా పడే భయం తగ్గుతుంది. కానీ ఓడ నెమ్మదిగా ఒరిగి నెమ్మదిగా లేవడం పోయి, గబుక్కున ఒరిగి గబుక్కున లేస్తుంది. మేం దీన్ని స్టిఫ్ షిప్ అంటాం. బరువంతా అడుగున పడిన ఓడలో శీతాకాలపు అట్లాంటిక్ దాటడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కంచం బల్ల మీద నిలవదు, నిద్ర పట్టదు, చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండాలి. తెరచాపల కోసం కట్టిన ఓడని తెరచాపల్లేకుండా వారాల తరబడి అక్కడ నిలబెట్టారు.

ఎందుకు నిలబెట్టారు? వాతావరణం కోసం. చాలామందికి ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. మర్చంట్ షిప్పుల్లో వాచ్‌లో (ఓడ నడిపే డ్యూటీలో) ఉన్న ఆఫీసర్ గ్రీనిచ్ టైం ప్రకారం ఆరు గంటలకోసారి బారోమీటర్, గాలి, అలల ఎత్తు, మబ్బులు, సముద్రపు నీటి వేడి రాసి వాతావరణ శాఖకి పంపుతాడు. నేను ఆ లాగ్ ఎన్నిసార్లు నింపానో లెక్కలేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ముదురుతున్నప్పుడు అక్కడున్న ఓడ నుంచి వచ్చే ఒక్క రీడింగ్ విలువ ఏమిటో మన తీరంలో పుట్టినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. యుద్ధం రాగానే మర్చంట్ షిప్పులన్నీ రేడియో మూసేశాయి, మాట్లాడితే ఎక్కడున్నదీ శత్రువుకి తెలిసిపోతుంది మరి. దాంతో సముద్రం మీది రిపోర్టులు ఒక్కసారిగా ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే కాన్వాయ్‌లకీ (కాపలాతో గుంపుగా వెళ్లే ఓడలకీ), అమెరికా నుంచి బ్రిటన్‌కి ఎగిరే విమానాలకీ ఆ సమాచారం అత్యవసరమైంది.

కాబట్టి కొన్ని ఓడలు ఒకేచోట ఉండిపోయి, బెలూన్లు వదిలి, రీడింగులు రేడియోలో పంపాల్సిందే. కదలకుండా ఉండటం, పైగా రేడియోలో మాట్లాడటం: జలాంతర్గామికి ఇంతకన్నా సులువైన గురి ఉండదు. 1942 సెప్టెంబరులో మస్కీగెట్ అనే వాతావరణ ఓడని యూ-755 అనే జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. అందులో ఉన్న 121 మందీ పోయారు. వాళ్లలో నలుగురు వాతావరణ శాఖ ఉద్యోగులు, సైనికులు కూడా కారు. సీ క్లౌడ్ చేసింది అదే పని.

నాకు మాత్రం ఈ ఓడ కథలో అన్నిటికంటే ముఖ్యమైంది అందులోని మనుషుల సంగతి. అప్పటిదాకా అమెరికా నౌకాదళంలో నల్లజాతివాళ్లు చేరితే వంటా వడ్డనా తప్ప వేరే పని దాదాపు లేదు. 1942లో మిగతా పనుల్లోకి తీసుకోవడం మొదలుపెట్టారు గానీ, ఒడ్డు మీద శిక్షణ ఇచ్చి ఒడ్డు మీదే ఉంచేశారు. కార్ల్టన్ స్కిన్నర్ అనే యువ కోస్ట్ గార్డ్ అధికారి అంతకుముందు నార్త్‌ల్యాండ్ అనే ఓడలో ఒక నల్లజాతి స్టూవర్డ్‌ని (వడ్డన చేసే మనిషిని) చూశాడు. ఇంజన్ పని బాగా తెలిసిన మనిషి, అయినా అతనికి ఇచ్చింది వడ్డన పనే. శిక్షణ పొందినవాళ్లకి సముద్రం మీద పని ఇవ్వకపోతే యుద్ధానికే నష్టమని, అందరూ కలిసి పనిచేసే ఓడ ఒకటి కావాలని స్కిన్నర్ పైఅధికారులకు రాశాడు. సంఘ సంస్కరణ గురించి మాట్లాడలేదు, పని గురించి మాట్లాడాడు. కోస్ట్ గార్డ్ అధిపతి రసెల్ వేషే ఒప్పుకున్నాడు. 1943 చివర్లో స్కిన్నర్ సీ క్లౌడ్ కెప్టెన్ అయ్యాడు.

170 మందికి పైగా ఉన్న సిబ్బందిలో 50 మంది దాకా నల్లజాతివాళ్లు వచ్చారు. డెక్ మీద, ఇంజన్ రూమ్‌లో, రేడియో గదిలో అందరూ కలిసే పనిచేశారు. జోసెఫ్ జెంకిన్స్, క్లారెన్స్ శామ్యూల్స్ లాంటి నల్లజాతి ఆఫీసర్లూ ఉన్నారు. 1944లో నౌకాదళం మేసన్ అనే ఓడని నల్లజాతి నావికులతో నడిపింది గానీ, అందులో అధికారులు తెల్లవాళ్లే. సీ క్లౌడ్‌లో పైనుంచి కిందిదాకా కలిసే ఉన్నారు. దీన్ని ప్రచారం చెయ్యలేదు, ప్రత్యేక మినహాయింపులు అడగలేదు. అట్లాంటిక్ ఫ్లీట్ వాళ్లు చేసిన రెండు తనిఖీల్లో ఒక్క లోపం కూడా దొరకలేదు.

నేను దీన్ని ఎందుకింత పట్టుకుని చెబుతున్నానంటే, ఒక ఓడలో (కంపెనీ పేరు అనవసరం) ఒక దేశం వాళ్లకి ఒక మెస్, ఇంకో దేశం వాళ్లకి ఇంకో మెస్ ఉండటం చూశాను. భోజనం విడిగా, టీ విడిగా. రాత్రి గాలివానలో డెక్ మీద తాళ్లు సరిచెయ్యాల్సివస్తే ఒకరు అరిచిన మాట ఇంకొకరికి అందేది కాదు. భాష ఒక్కటే కారణం కాదు, మామూలప్పుడు మాట్లాడుకుంటే కదా గొంతు గుర్తుపట్టేది! తర్వాత వచ్చిన కెప్టెన్ ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా రెండు మెస్‌లూ కలిపేశాడు. నెల తిరక్కుండా పని తీరు మారింది. కలిసి వాచ్ చేసేవాళ్లని విడదీసి ఉంచడం ప్రమాదమని నేను గట్టిగా నమ్ముతాను. స్కిన్నర్ వాదన నాకు అర్థమయ్యేది అందుకే.

చిత్రకారుడు జేకబ్ లారెన్స్ కూడా ఆ సిబ్బందిలో ఒకడు. ఓడ మీద ఉండగానే బొమ్మలు వేశాడు, కెప్టెన్ స్కిన్నర్ బొమ్మ కూడా. స్కిన్నర్ తర్వాత హోక్వియం అనే మరో ఓడని కూడా ఇలాగే కలిసిన సిబ్బందితో నడిపాడు, 1949లో పసిఫిక్‌లోని అమెరికా ద్వీపం గువామ్‌కి మొదటి పౌర గవర్నర్ అయ్యాడు. సైన్యంలో జాతి వివక్ష ఉండకూడదని అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చింది 1948 జులైలో, అంటే సీ క్లౌడ్ తర్వాత నాలుగేళ్లకి.

ఓడని 1944 నవంబరులో నౌకాదళ సేవ నుంచి తప్పించి యజమానులకి తిరిగిచ్చారు. మాస్ట్‌లు మళ్లీ నిలబెట్టారు. 1955లో మార్జొరీ దాన్ని డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియోకి ఇచ్చి, బదులుగా ఒక విమానం తీసుకుంది. అతని హత్య తర్వాత చేతులు మారి పనామాలో ఏళ్ల తరబడి పడి ఉంది. 1978లో హాంబర్గ్ వాళ్లు కొని బాగుచేశారు, అప్పటి నుంచి ప్రయాణికుల్ని తిప్పుతోంది.

దీని గురించి ఇంకా చదవాలనుకుంటే, సీ క్లౌడ్ అని మాత్రమే వెతికితే క్రూయిజ్ ప్రకటనలే ఎక్కువ వస్తాయి. ఐఎక్స్-99 అన్న నంబరూ, స్కిన్నర్ పేరూ కలిపి వెతకండి.