బాబుకి ఆటిజం, నాన్నగారికి డయాలసిస్: ఏ పుస్తకాలు కొనాలి?

పలాస తమ్ముడికి,

మీ బాబుకి మూడేళ్లు, ఆటిజం అన్నారు. నాన్నగారికి కిడ్నీ జబ్బు ముదిరి డయాలసిస్ నడుస్తోంది. ఎవరో ఇంగ్లీషు పుస్తకాల పెద్ద జాబితా పంపారు, ఖరీదు వేలల్లో ఉంది, ఏవి కొనాలి అని మీరు అడిగారు. నేను శ్రీకాకుళంలో టీచర్ని. మా అబ్బాయికీ ఆటిజమే, ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. మా మామగారు కాన్సర్‌తో ఇంట్లోనే పోయారు. అవసరం కొద్దీ రెండు రకాల పుస్తకాలూ చదివాను.

ఇలాంటి జాబితాల్లో చాలా పుస్తకాలు మనకోసం రాసినవి కావు. స్పీచ్ థెరపిస్టులకి, సైకాలజిస్టులకి, సోషల్ వర్క్ చదివేవాళ్లకి పాఠ్యపుస్తకాలవి. ఎవరికోసం రాశారో వెనక అట్ట మీద ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత అచ్చయిన ఏడాది చూడండి. 2013లో అమెరికన్ సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకం డీఎస్ఎం-5 వచ్చాక ఆస్పర్జర్స్ లాంటి వేరువేరు పేర్లన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్ కిందకే తెచ్చారు. అంతకుముందు పుస్తకాలు చదివితే పేర్ల దగ్గరే తికమక పడతారు. మరీ పాతవి ఇంటికే తేవద్దు. తల్లి ప్రేమగా దగ్గరికి తీయకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని 1950, 60ల్లో పెద్ద పెద్ద డాక్టర్లే రాసేవారు. అది శుద్ధ తప్పని ఏనాడో తేలిపోయింది. మీ ఆవిడ కంట అలాంటి పేజీ పడకూడదు. బాబుకి ఇలా ఉండడం ఆమె వల్ల కాదని మీరే నోరు తెరిచి చెప్పండి. ఈ మాట మొగుడి నోటి నుంచి వినడం ఎంత అవసరమో నాకు తెలుసు.

ఇంకో సంగతి. బాబుతో రోజంతా ఉండేది ఎవరు? మా ఇంట్లో అయితే మా అత్తగారు. పుస్తకం చదివేది నేను, పిల్లాణ్ణి చూసేది ఆవిడ. చదివింది నా దగ్గరే ఉండిపోతే వాడికి ఏం లాభం? అందుకని రాత్రి అన్నాలయ్యాక ఆ రోజు చదివింది ఆవిడకి మా మాటల్లో చెప్పేదాన్ని. నాకు బాగా పనికొచ్చిన పుస్తకం శాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్, లారీ విస్మారా కలిసి 2012లో తెచ్చిన ‘యాన్ ఎర్లీ స్టార్ట్ ఫర్ యువర్ చైల్డ్ విత్ ఆటిజం’. తల్లిదండ్రుల కోసమే రాసింది. తిండి, స్నానం, బట్టలు వేయడం, ఆట, ఇలా రోజూ చేసే పనుల్లోనే పిల్లాడి చూపునీ మాటనీ ఎలా రాబట్టాలో చెబుతుంది.

‘గుంటడు పిలిస్తే పలకడు, ఏటి చేస్తాం’ అనేవారు మా అత్తగారు. చోడి అంబలి పట్టేటప్పుడు వాడికి ఎదురుగా, వాడి కళ్ల ఎత్తులో కూర్చోమన్నాను. ఒక చెంచా పెట్టి ఆగాలి. వాడు చూసినా, చెయ్యి చాపినా వెంటనే ‘అంబలి’ అని చెంచా అందించాలి. చూడకపోతే కోప్పడకూడదు, కడుపు మాడ్చకూడదు. ఆవిడకున్న ఓపిక నాకెక్కడిది! కొన్ని వారాలకి వాడు చెంచా కోసం నానమ్మ ముఖంలోకి చూడడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆవిడ వీధిలో అందరికీ చెప్పుకున్నారు.

సికింద్రాబాద్‌లో బుద్ధి ఎదుగుదల సమస్యలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ తల్లిదండ్రుల కోసం చిన్న పుస్తకాలు వేసింది, వాటిలో తెలుగువీ ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు చదవగలిగితే అవే ముందు తెచ్చుకోండి. విదేశీ పుస్తకాల్లో స్కూలు చట్టాల అధ్యాయాలు వదిలేయండి. మనకి 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, అందులో ఆటిజం ఉంది. వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు చేయండి. లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమా గురించి కూడా అడగండి. వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే పుస్తకం కంటే ముందు అది చేయించండి. పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి సాయపడే జిల్లా కేంద్రం డీఈఐసీకి తీసుకెళ్లండి.

ఇక నాన్నగారి సంగతి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పక్కనే ఉన్న మీకు ఈ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అతుల్ గవాండే 2014లో రాసిన ‘బీయింగ్ మోర్టల్’ చదవండి. ఆయన సర్జన్, అందులో సొంత తండ్రి చివరి రోజుల గురించి కూడా రాశారు. జబ్బు గురించి మీకేం అర్థమైంది, దేనికి భయపడుతున్నారు, మీకు ఏది ముఖ్యం, దానికోసం దేన్ని వదులుకుంటారు అని అడగడం నేను ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను. మామగారిని అందరి ముందూ అడిగాం. మళ్లీ విశాఖ తీసుకెళ్లి ఐసీయూలో పెట్టొద్దనీ, వసారాలో మంచం వేయమనీ, వచ్చేపోయేవాళ్లు కనిపించాలనీ అన్నారు. తర్వాత మా బావగారు వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్దామని పట్టుబట్టినా ఆయన మాటే నిలబడింది, ఎందుకంటే అందరం విన్నాం.

ఒక జాగ్రత్త. పాలియేటివ్ కేర్, అంటే ముదిరిన జబ్బుల్లో నొప్పీ బాధా తగ్గించే వైద్యం, దాని మీద పుస్తకాలు ఎక్కువగా కాన్సర్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలో మందుల పేజీ చూసి నాన్నగారికి ఏదీ ఇవ్వకండి. కిడ్నీలు పనిచేయనప్పుడు, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ నుంచి తయారయ్యే పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి, మోతాదో మందో మార్చాల్సింది డాక్టరే. అలాగే పాలియేటివ్ కేర్ అంటే డయాలసిస్ ఆపేయడం అనుకోవద్దు. రెండూ కలిసి నడవొచ్చు. 2023లో మీ ఊళ్లోనే తెరిచిన కిడ్నీ ఆసుపత్రిలో నొప్పి, దురద, నిద్రలేమి గురించి విడిగా అడగండి. అడగకపోతే డయాలసిస్ రోజు హడావుడిలో అవి మాటకే రావు.

మానసిక ఆరోగ్యం మీద కూడా పుస్తకం అడిగారు. విక్రమ్ పటేల్ 2003లో తెచ్చిన ‘వేర్ దేర్ ఈజ్ నో సైకియాట్రిస్ట్’ ఆరోగ్య కార్యకర్తల కోసం రాసింది, భాష తేలిక. మీ ఊరి ఏఎన్ఎంతో కలిసి చదివినా బాగుంటుంది. కానీ ఒక పక్క బాబు, ఇంకో పక్క నాన్నగారు, మీకూ మీ ఆవిడకీ నిద్ర లేక, టెన్షన్ తట్టుకోలేని రాత్రులు వస్తే పుస్తకం తెరవకండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.