టెక్ సందేహాలు: జర్మన్ నేర్చుకోవడానికి యాప్ చాలునా, కోర్సు కావాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి కడపలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. జర్మనీ వెళ్లాలనే ఉద్దేశంతో నాలుగు నెలలుగా డ్యూలింగోలో జర్మన్ నేర్చుకుంటున్నాను. స్ట్రీక్ 118 రోజులకు చేరింది. ఇప్పుడు ఆ యాప్‌కే ఏడాది చందా కట్టడం మంచిదా, లేక స్వయం, కోర్సెరా వంటి వేదికల్లో కోర్సు తీసుకోవడం మంచిదా?

జవాబు: చందా కట్టవద్దు, అలాగని యాప్‌ను తీసివేయనూ వద్దు. దానిని ఉచితంగానే ఉంచుకుని, పాఠం కోసం కోర్సులో చేరండి. 118 రోజులు ఒక్కనాడూ తప్పకుండా కూర్చున్నారంటే, నైట్ డ్యూటీలు చేసేవారికి అది చిన్న సంగతి కాదు. ఆ అలవాటు పడేలా చేసినందుకు యాప్‌ను మెచ్చుకోవలసిందే. అయితే స్ట్రీక్ లెక్కించేది మీరు ఎన్ని రోజులు వచ్చారన్నదే గాని, మీకు ఎంత వచ్చిందన్నది కాదు.

ఈపాటికి మీకు ఎదురయ్యే ఉండే ఒక చిక్కును చూడండి. బస్సును 'డెర్ బుస్' అంటారని యాప్ నేర్పుతుంది. 'నేను బస్సులో వెళ్తాను' అనే వాక్యం వచ్చినప్పుడు మీరు 'మిట్ డెర్ బుస్' అని నొక్కితే తప్పని ఎర్రగా చూపి, 'మిట్ డెమ్ బుస్' అని దిద్దుతుంది. ఎందుకన్నది నిదానంగా చెప్పదు. మీరు తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. నిజానికి తెలుగువారికి ఇది కొరుకుడుపడని విషయమేమీ కాదు. మనం 'ఇల్లుకి' అనము, 'ఇంటికి' అంటాము. విభక్తి తగిలేసరికి 'ఇల్లు' కాస్తా 'ఇంటి' అవుతుంది. జర్మన్‌లో ఆ మార్పు ఎక్కువగా నామవాచకానికి కాక దాని ముందుండే చిన్న మాటకు వస్తుంది కనుక, మన 'తో' వంటి 'మిట్' వచ్చినప్పుడు 'డెర్' కాస్తా 'డెమ్' అవుతుంది. స్త్రీలింగానికి వాడే 'డీ' మాత్రం అదే చోట 'డెర్' అవుతుంది. అసలు తికమకంతా అక్కడే. బడిలో 'డు, ము, వు, లు' వల్లించినవారికి ఇది ఒక పట్టికగా వేసి చూపితే గంటలో అర్థమయ్యే సంగతి; విడివిడి వాక్యాల్లో తప్పులు చేస్తూ పట్టుకోవాలంటే నెలలు పడుతుంది.

ఆ పట్టికను వరుసగా నేర్పేది కోర్సు. కోర్సెరాను 2012లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు ఆండ్రూ ఎంగ్, డాఫ్నీ కోలర్ ప్రారంభించారు. నా దృష్టిలో అది భాషలకన్నా కంప్యూటర్, మేనేజ్‌మెంట్ చదువులకే బాగా పనికివస్తుంది. మీరు ముందుగా చూడవలసింది కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన స్వయం వేదికను. అందులో ఐఐటీల ఉమ్మడి ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమమైన ఎన్‌పీటెల్ ద్వారా ఐఐటీ మద్రాసు అందించే 'జర్మన్-1' మొదటి అక్షరం నుంచి మొదలవుతుంది. చేరడానికి, వీడియోలు చూడడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కోసం పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయదలచుకున్నవారే రుసుము కట్టాలి. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25, చివరి పరీక్షకు 75 మార్కులుంటాయి; పాఠాలు ఆంగ్లంలో ఉంటాయి. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు వీడియోలను దించుకుంటే, ప్రొద్దుటూరు నుంచి కడపకు వచ్చే బస్సులో సిగ్నల్ పోయినా పాఠం ఆగదు.

ఇక మీ ప్రశ్నలో లేని ముఖ్యమైన విషయం ఒకటుంది. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు పొందడానికి సాధారణంగా భాషలో బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది) అడుగుతారు. దానికి యాప్‌లోని స్కోరూ పనికిరాదు, ఆన్‌లైన్ కోర్సు ధ్రువపత్రమూ చాలదు. జర్మన్ భాషా సంస్కృతుల సంస్థ గోథే ఇన్‌స్టిట్యూట్ వంటివి నిర్వహించే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు భాగాలుంటాయి. గోథే బీ2లో ఒక్కో భాగానికి 100కు 60 రావాలి. ఈ నాలుగింటిలో యాప్ గాని, వీడియో గాని మీ చేత సరిగా చేయించలేనిది మాట్లాడడమే. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర కూడా తెలుగు పని కోసం పండితులను జీతమిచ్చి ఇంట్లోనే పెట్టుకున్నాడు. మీకు అంత అవసరం లేదు గాని, చందాకు అనుకున్న సొమ్మును వారానికి రెండు గంటలు జర్మన్‌లో మాట్లాడించి, తప్పు దొర్లినప్పుడు ఆపి దిద్దే ఉపాధ్యాయుడికి ఇవ్వండి. ఫోన్ కీబోర్డులో జర్మన్ భాషను కూడా చేర్చుకోండి. అచ్చుల మీద చుక్కలు లేకుండా రాసే అలవాటు పడితే తర్వాత మానుకోవడం కష్టం.

ప్రశ్న: భాషలు నేర్పే ఒక యాప్‌లో ఏడు రోజుల ఉచిత ట్రయల్ తీసుకుని, నచ్చక మూడో రోజే డిలీట్ చేశాను. అయినా ఖాతాలోంచి డబ్బు పోయింది. ఎందుకు? (కర్నూలు)

జవాబు: యాప్‌ను తొలగించినంత మాత్రాన చందా రద్దు కాదు, చందా ఉన్నది ఫోనులో కాదు, మీ ప్లే స్టోర్ ఖాతాలో. ప్లే స్టోర్ తెరిచి, పైన మీ బొమ్మ మీద నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళితే ఆ యాప్ పేరు ఇంకా కనబడుతుంది; అక్కడ రద్దు చేయండి. యూపీఐ ద్వారా కట్టి ఉంటే మీ చెల్లింపుల యాప్‌లోని ఆటోపే విభాగాన్ని కూడా చూడండి. పోయిన సొమ్ము కోసం ప్లే స్టోర్‌లోనే రీఫండ్‌కు వెంటనే అర్జీ పెట్టండి. ఆలస్యమయ్యేకొద్దీ అవకాశం తగ్గుతుంది.